గొట్టము మార్చుకొనుట మానుకొనుట కాదు

కిందటి కార్తిక మాసములో ఒక ఆదివారము ఉదయము, చంద్రగిరి దాపున ఉన్న ఒక పల్లె నుండి భార్యాభర్తలు ఇరువురు, ఇరువది నాలుగేండ్ల కుమారుని వెంటబెట్టుకొని నా వైద్యశాలకు వచ్చినారు. తండ్రి ఆర్.టి.సి.లో కండక్టరుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. నాకు ముప్పది ఏండ్లుగా తెలిసినవారు. కుమారుడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగి. ఆ తల్లి కూర్చుండకమునుపే కొంగుముడి విప్పి, బొటనవ్రేలంత వెడల్పు గల ఒక వస్తువును నా బల్లపై పెట్టినది. పసుపుపచ్చని రంగు, నునుపైన అంచులు, ఒక కొసన సన్నని రంధ్రము.

"వీడి ప్యాంటు ఉతకబోతే జేబులో దొరికింది సామీ. పెన్ డ్రైవేమో అనుకోని వాడి కంప్యూటరు పక్కన పెట్టినా. నిన్న మా ఆడబిడ్డ కొడుకు చూసి, అది పొగ తాగే మిషను అత్తా అన్నాడు" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది.

ఆ వస్తువును ముక్కు దగ్గరకు తీసుకొంటిని. మామిడిపండు వాసన. ఆ కుటుంబమునకు రెండెకరముల తోతాపురి తోట ఉన్నది. మామిడి తోటలో పెరిగిన బిడ్డ మామిడి రుచిని ఈ గొట్టములో వెదకుకొనవలసి వచ్చెనే అని నాకు మనసులో కష్టము తోచినది. అంతలో తండ్రి అందుకొన్నాడు.

"వాడు తాగేది పొగ గాదంట సామీ, ఆవిరంట. నేను నలభై ఏండ్లుగా బీడీలు తాగతా ఉండా. దానికన్నా ఇది మేలే గదా? మేలైతే చెప్పండి, నేను గూడా బీడీ మానేసి దీనికే మారిపోతా."

ఈ మాటలో రెండు ప్రశ్నలున్నవి. నలువది ఏండ్లు బీడీ కాల్చిన వానికి ఈ గొట్టము మేలా అన్నది ఒకటి. జన్మలో పొగ ఎరుగని యువకునకు ఇది తగునా అన్నది రెండవది. ఈ రెండింటిని కలిపి ఒకే సమాధానము చెప్పుట వలననే లోకములో ఇంత గందరగోళము ఏర్పడినది. పాఠకులలో అనేకుల ఇండ్లలో ఇట్టి గొట్టము ఈపాటికి ఏ జేబులోనో, ఏ పుస్తకాల సంచిలోనో ఉండవచ్చును. అందుచేత నాకు తెలిసినదానిని, నేను చేసిన పొరపాటుతో సహా, మనవి చేయుచున్నాను.

నేను చేసిన పొరపాటు

గురుకులములో చదువు ముగించుకొని వైద్యము ఆరంభించిన తొలి రోజులలో దగ్గుతో బాధపడు ఒక పెద్దాయన నా వద్దకు వచ్చుచుండెను. ఆయన రోజుకు ఆరు చుట్టలు కాల్చువాడు. మాన్పించుటకు ఎంత చెప్పినను ఫలితము లేకపోయినది. నా గురువుగారు ముక్కుపొడి పీల్చువారు. పండితులలో ఆనాడు అది తప్పుగా ఎంచబడలేదు. ఆ చనువుతో, "చుట్ట మానలేనిచో దాని బదులు ముక్కుపొడి వాడండి, కనీసము పొగయైనను ఊపిరితిత్తులకు పోదు" అని నేను సలహా చెప్పితిని. ఒక నెల చుట్ట మానినాడు. దగ్గు తగ్గినది. నేను సంతోషించితిని. ఆరు నెలలు తిరుగకమునుపే ఉదయము ముక్కుపొడి, సాయంకాలము చుట్ట అయినది. ఇదేమని అడిగితే, "ఒకటి నా అలవాటు, ఒకటి మీరిచ్చిన మందు" అన్నాడు. చివరి దినములలో ఆయన ఆయాసముతో పడుకొనలేక కూర్చుండియే నిద్రించుట నేను కన్నులార చూచితిని.

ఆనాడు నేను గ్రహింపనిది ఏమనగా, వ్యసనము చుట్టలో లేదు. చుట్టలోని పొగాకు సారమునకు, అనగా నికోటిన్ అను పదార్థమునకు, మనసు కట్టుబడి ఉన్నది. నేను దానిని తెంచలేదు, దానికి రెండవ ద్వారము తెరచితిని. ఈ దినము వేప్ గొట్టము గురించి అడుగువారికి సమాధానము చెప్పునపుడు నాకు ముందుగా ఆ పెద్దాయనయే జ్ఞప్తికి వచ్చును.

దేశమునకొక గొట్టము

'వేప్' అన్న మాట విని, ఇది వేపచెట్టుకు సంబంధించిన మూలికా వస్తువేమో అని ఒక పెద్దామె నన్ను అడిగినది. వేపకు దీనికి ఏ సంబంధమును లేదు. ఆవిరి అను అర్థము గల ఇంగ్లీషు మాట నుండి వచ్చిన పేరు ఇది. దీని పనితీరు తేలికైనది. ఒక చిన్న బ్యాటరీ, వేడెక్కు ఒక తీగచుట్ట, ఒక ద్రవము. ఆ ద్రవములో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, నికోటిన్, రుచికై కృత్రిమ సుగంధములు ఉండును. పీల్చగానే తీగ వేడెక్కి ద్రవము సూక్ష్మ తుంపరలుగా మారును. కనుక దానిని ఆవిరి అనుటయు పూర్తిగా సరికాదు. మనము జలుబునకు పసుపు వేసి పట్టు ఆవిరి కేవలము నీటి ఆవిరి. ఇది రసాయన ద్రవముల తుంపర.

అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనునతడు 1960లలోనే ఇట్టి పరికరమునకు పేటెంటు పొందినను అది అంగడికి రాలేదు. 2003లో చైనాకు చెందిన హోన్ లిక్ అను ఔషధ శాస్త్రజ్ఞుడు రూపొందించినదే నేటి వాటికి మూలము. తొలుత సిగరెట్టు ఆకారములోనే వచ్చినవి. తరువాత ద్రవము మరల మరల నింపుకొను తొట్టి గలవి, ఆపై చిన్న గుళిక వంటి డబ్బీని మార్చుకొనునవి, చివరకు వాడి పారవేయునవి వచ్చినవి. పొగాకునే కాల్చకుండ వేడిచేసి పీల్చు పరికరములు వేరొక తెగ.

వింత యేమనగా, ఒక్కొక్క దేశములో ఒక్కొక్క తెగకు ఆదరణ. ఇంగ్లాండులో సిగరెట్టు మానదలచిన వయోజనులు చాలకాలము నింపుకొను తొట్టి గలవానినే ఎక్కువగా వాడినారు. అక్కడి ప్రభుత్వము 2023లో సిగరెట్టు తాగువారు దానిని వదలి వీటికి మారుటకై పది లక్షల మందికి ఈ పరికరములను ఇచ్చు పథకమును ప్రకటించినది. అక్కడనే యువకులు మాత్రము రంగురంగుల వాడి పారవేయు గొట్టములకు మరిగినారు. తుదకు 2025 జూన్ 1 నుండి వాటి అమ్మకమును నిషేధింపవలసి వచ్చినది. బెల్జియము అదే సంవత్సరము జనవరి 1 నుండియే నిషేధించినది. జపానులో నికోటిన్ ద్రవమును సాధారణ వస్తువుగా అమ్మరాదు. అందుచేత అచ్చట 2014లో నగోయా పట్టణములో ప్రవేశించిన, పొగాకును వేడిచేయు పరికరములే వ్యాపించినవి. ఆస్ట్రేలియాలో ఇవి మందుల దుకాణములో మాత్రమే దొరకవలెనని 2024లో శాసనము చేసినారు. వీటిని అధికముగా తయారుచేయు చైనాయే 2022 అక్టోబరు నుండి తన దేశములో పొగాకు రుచి తప్ప తక్కిన రుచుల అమ్మకమును నిషేధించినది. మామిడి రుచిని పరదేశముల పిల్లలకు పంపి, తన పిల్లలకు వలదన్నదన్న మాట!

అమెరికా కథ మరింత బోధప్రదము. పెన్ డ్రైవు ఆకారములో 2015లో వచ్చిన గుళిక తరహా పరికరము విద్యార్థులలో దావానలమువలె వ్యాపించినది. 2019లో అక్కడి హైస్కూలు విద్యార్థులలో 27.5 శాతము మంది ఇటీవల ఇ-సిగరెట్టు వాడితిమని చెప్పినారు. 2020 ఫిబ్రవరిలో ప్రభుత్వము గుళికలలోని పండ్ల రుచులపై చర్య తీసికొనగా, ఆ ఆజ్ఞ పరిధిలోనికి రాని వాడి పారవేయు గొట్టములకు పిల్లలు మారినారు. తరువాతి కాలములో గట్టి చర్యలు, ప్రచారము జరుగగా 2024 నాటికి ఆ సంఖ్య 7.8 శాతమునకు దిగినది.

ఈ వివరములన్నిటి సారము ఒక్కటియే. ఏ దేశమువాడును తన ఆరోగ్యమునకు ఏది మంచిదని శోధించి గొట్టమును ఎన్నుకొనలేదు. చట్టము దేనిని విడిచిపెట్టినదో, ఏది చవుకయో, ఏది జేబులో దాగునో, ఏది తీపిగా ఉన్నదో దానిని ఎన్నుకొన్నాడు. ఇది మనకు కొత్త కాదు. మన తెలుగు దేశములోనే ఉత్తరాంధ్ర తీరమున కొందరు స్త్రీలు నిప్పు గల కొసను నోటిలో పెట్టుకొని 'అడ్డపొగ' పీల్చుట, దాని వలన అంగిలిలో పుండ్లు, పుట్టకురుపు పుట్టుట వైద్యలోకము ఎరిగినదే. గోదావరి, గుంటూరు సీమలలో చుట్ట, హైదరాబాదులో హుక్కా, మన రాయలసీమలో బీడీ, ఆకు వక్కతో పొగాకు కాడ. రూపములు అనేకము; లోపల కూర్చున్న వాడు ఒక్కడే.

మన శాస్త్రములోని ధూమపానము

"ఆయుర్వేదములోనే ధూమపానము చెప్పబడినది గదా" అని నన్ను ఎదిరించువారు కలరు. చెప్పబడిన మాట నిజము. చరకసంహిత సూత్రస్థానము అయిదవ అధ్యాయములో దాని వివరమున్నది. అయితే దానిని పూర్తిగా చదివినవారు ఈ వాదము చేయరు.

మొదటిది, అందులో పొగాకు లేదు. ఉండుటకు వీలులేదు కూడ. అది అమెరికా ఖండపు మొక్క, పోర్చుగీసువారి కాలములో మన దేశమునకు వచ్చినది. చరకుడు నిత్య ధూమమునకు చెప్పినవి ఏలకులు, చందనము, వట్టివేరు, అతిమధురము, గుగ్గులు, అగరు మొదలగు ద్రవ్యములు. రెండవది, గొట్టమునకు కొలత ఉన్నది. వైరేచనిక ధూమమునకు ఇరువది నాలుగు, స్నైహికమునకు ముప్పది రెండు, ప్రాయోగికమునకు ముప్పదియారు అంగుళముల పొడవు. అదియు తాగువాని అంగుళములతో. ఎందుకనగా దూరము నుండి, కణుపులు దాటి, సన్నబడి వచ్చిన ధూమము ఇంద్రియములను బాధింపదని. అనగా ఆనాటి గొట్టము పొగ తీవ్రతను తగ్గించుటకు ఏర్పడినది. ఈనాటి గొట్టము నికోటిన్ గొంతును మండింపకుండ, త్వరగా, ఎక్కువగా లోనికి పోవుటకు ఏర్పడినది. రెండింటి ఉద్దేశములు ఉత్తర దక్షిణములు.

మూడవది, కాలనియమము. స్నానానంతరము, భోజనానంతరము, దంతధావనానంతరము, నిద్ర లేచిన తరువాత, ఇట్లు ఎనిమిది సమయములు మాత్రమే చెప్పి, అందులోను ప్రాయోగిక ధూమము దినమునకు రెండు మారులకు మించరాదని, స్నైహికము ఒక్కమారేనని హద్దు గీచినారు. గర్భిణి, శ్రమించినవాడు, దుఃఖించువాడు, కోపములో ఉన్నవాడు, నిద్ర లేనివాడు, ప్రమేహరోగి తాగరాదు. చూడండి, నేటి యువకుడు ఏ సమయములో గొట్టము పట్టుచున్నాడు? పని ఒత్తిడిలో, కోపములో, రాత్రి జాగరణలో. సరిగా శాస్త్రము నిషేధించిన సమయములే! అకాలమున, అతిగా సేవించిన ధూమము చెవుడు, చూపు లోపము, రక్తపిత్తము, తల తిరుగుట కలిగించునని కూడ అక్కడనే చెప్పబడినది.

నాలుగవది, వయోనియమము. పదునెనిమిదేండ్లు నిండనివారికి ధూమము పనికిరాదని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయములో స్పష్టముగా శాసించినారు. పొగాకు అమ్మకమునకు మన ప్రభుత్వము 2003 చట్టములో పెట్టిన వయసు కూడ అదియే.

ఇంత నియమముతో కూడిన చికిత్సను కూడ నేను ఈ కాలమున ఎవరికిని ఇంటిలో చేసికొండని చెప్పను. ఏ ఆకు కాలినను బొగ్గుపులుసు కన్న ప్రమాదకరమైన కార్బన్ మోనాక్సైడు, మసి పుట్టును. మూలికల సిగరెట్టు అయినను ఊపిరితిత్తులకు పొగ పొగయే.

రెండేండ్ల క్రితము ఒక కంపెనీ ప్రతినిధి నా వద్దకు వచ్చి, తులసి, పుదీనా సారముతో 'ఆయుర్వేద వేప్' తయారుచేయుచున్నాము, మీ ఫోటోతో నాలుగు మంచి మాటలు వ్రాసి ఇవ్వండి అని ప్రాధేయపడినాడు. నేను చట్టమును చూపితిని. 2019 నాటి ఇ-సిగరెట్ల నిషేధ చట్టము నికోటిన్ ఉన్నదా లేదా అని చూడదు. ఏ పదార్థమునైనను, అది సహజమైనను కృత్రిమమైనను, విద్యుత్ పరికరముతో వేడిచేసి పీల్చుటకు అనువుగా చేయు దానిని నిషేధించినది. ఔషధ చట్టము కింద లైసెన్సు పొందినవి మాత్రమే మినహాయింపు. ఆయన మరల రాలేదు. శాస్త్రమును అమ్ముకొనువారు మనలోను ఉందురు గనుక పాఠకులు మూలిక అన్న పేరు వినగానే మోసపోరాదు.

హాని ఎంత, ఎవరికి?

ఇక తండ్రి అడిగిన మొదటి ప్రశ్న. వైద్యుడు తనకు ఇష్టము లేని సత్యమును దాచరాదు. పొగాకు కాలినపుడు పుట్టు తారు, కార్బన్ మోనాక్సైడు ఇ-సిగరెట్టులో ఉండవు, లేదా మిక్కిలి తక్కువ. అందుచేత ఎన్నో ఏండ్లుగా సిగరెట్టు కాల్చినవాడు దానిని పూర్తిగా విడిచి దీనికి మారిన, హాని తగ్గుననుట నిజము. నికోటిన్ బిళ్లలు, పట్టీల కన్న వీటితో సిగరెట్టు మానగలిగినవారు ఎక్కువ అని విదేశపు పరిశోధనలను క్రోడీకరించిన నిపుణులు చెప్పినారు. ఇంగ్లాండు వైద్యులు వీటిని ప్రోత్సహించుటకు కారణమిదే. దీనిని కాదనుట మూర్ఖత్వము.

అయితే 'పూర్తిగా విడిచి' అన్న మాటను ఎవరును గట్టిగా చెప్పరు. మారినామనుకొన్నవారిలో అనేకులు ఇంటిలో గొట్టము, వీధిలో సిగరెట్టు పట్టి రెండింటిని నడుపుచున్నారు. నా చుట్ట పెద్దాయన చేసినది అదే. మరియొక చిక్కు ఉన్నది. బీడీ కాలి కాలి వ్రేళ్లు చురుక్కుమనగానే ఆగిపోవును. గొట్టమునకు అట్టి అంతము లేదు; వందల, వేల దమ్ములు దానిలో ఉండును. పడక మీద, స్నానపు గదిలో, ఉద్యోగపు బల్ల కింద, వాసన రాకుండ తాగుచునే ఉండవచ్చును.

జన్మలో పొగ ఎరుగని యువకునకు ఈ 'తక్కువ హాని' లెక్క వర్తింపనే వర్తింపదు. బీడీతో పోల్చినపుడు తక్కువ. తిరుమల కొండ మీది గాలితో పోల్చినపుడు? వాడు పోల్చుకొనవలసినది తన శుభ్రమైన ఊపిరితో గాని, తండ్రి బీడీతో కాదు. నికోటిన్ యువకుల మెదడును త్వరగా బానిసను చేయును, గుండె వేగమును రక్తపు పోటును పెంచును. ద్రవములో ఏమి కలిపినారో తాగువానికి తెలియదు. అమెరికాలో 2019లో ఆరంభమై 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది తీవ్ర శ్వాసకోశ వ్యాధితో ఆసుపత్రుల పాలై, 68 మంది మరణించినారు. గంజాయి సారము గల ద్రవములలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అను నూనె వంటి పదార్థమే దానికి ముఖ్య కారణమని తేలినది. చర్మమునకు పూసిన మేలు చేయు నూనె ఊపిరితిత్తులలో దిగిన ప్రాణము తీయును. చాటుగా కొను వస్తువులో ఇట్టి కల్తీకి అడ్డేమున్నది?

చట్టము సగమే నడచినది

మన దేశములో 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగా, డిసెంబరులో చట్టముగా ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకము, నిల్వ, ప్రకటనలు నిషేధింపబడినవి. అమ్మినవానికి మొదటిమారు ఏడాది వరకు జైలు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును. అంతకు మునుపు 2016-17లో జరిగిన జాతీయ సర్వేలో వీటిని వాడు వయోజనులు నూటికి ఒకరు కూడ లేరు. వ్యాధి ముదరకమునుపే చికిత్స చేసినారు. నేను దీనిని సమర్థించుచున్నాను.

కాని అదే సర్వేలో దేశపు వయోజనులలో 28.6 శాతము ఏదో ఒక రూపమున పొగాకు వాడువారు. బీడీ తాగువారు 7.7 శాతము, సిగరెట్టు తాగువారు 4 శాతము. కొత్త గొట్టమును ఆపినాము. పాత నిప్పును ప్రతి బడ్డీకొట్టులో అమ్మనిచ్చుచున్నాము. 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. మండలి సిగరెట్టుకు 40 శాతము పన్ను నిర్ణయించి, బీడీకి 28 నుండి 18కి తగ్గించినది. బీడీ చుట్టి బ్రతుకు స్త్రీల కష్టము నాకు తెలియనిది కాదు. కాని వారికి వేరొక జీవనోపాధి చూపవలెను గాని, పేదవాని ఊపిరితిత్తులను చవుక చేయరాదు. "బీడీ అమ్మవచ్చు గాని, అంతకన్న తక్కువ హాని గలది అమ్మరాదా?" అని అడుగువారికి నా సమాధానము ఇది: ఇందులోని అన్యాయమును సరిచేయుటకు మార్గము రెండవదానిని అమ్ముట కాదు, మొదటిదానిని తగ్గించుట.

అలిపిరి తనిఖీ కేంద్రములో లక్షలాది భక్తులు బీడీ, సిగరెట్లను విడిచి కొండ ఎక్కుచున్నారు. పై రెండు దినములు ఒక్క దమ్ము లేకుండ గడుపుచున్నారు. దిగిన వెంటనే బస్టాండులో వెలిగించుచున్నారు. అనగా మానుట వారికి సాధ్యమే. రెండు దినములు సాధ్యమైనది ఇరువది దినములు సాధ్యము కాకపోదు; దానికి సంకల్పము, క్రమము, ఇంటివారి తోడ్పాటు కావలెను.

విదేశయాత్రకు పోవు కుటుంబములకు ఒక హెచ్చరిక. సింగపూరులో ఈ గొట్టము జేబులో ఉండుటయే నేరము. థాయిలాండులో దిగుమతి నిషిద్ధము. ప్రయాణమునకు ముందు పిల్లల సంచులు చూచుకొనండి.

మానుటకు క్రమము

అహితమైన అలవాటును ఒక్కసారిగా కాక నాలుగవ వంతు చొప్పున విడువవలెనని, విడిచిన చోట హితమైనదానిని అలవరచుకొనవలెనని చరకుడు సూత్రస్థానము ఏడవ అధ్యాయములో చెప్పినాడు. దీనికి పాదాంశిక క్రమమని పేరు. దినముల లెక్కలో వ్యాఖ్యాతలకు భేదము కలదు; నేను నేర్చిన విధము ఇది. దినమునకు పండ్రెండు బీడీలు తాగువాడు మొదట మూడు తగ్గించి తొమ్మిదితో ఒక దినము నిలువవలెను. పిదప ఆరుతో రెండు దినములు, మూడుతో మూడు దినములు. ఏడవ నాటికి సున్న. ఒకటి, రెండు మిగుల్చుకొనుట మానుట కాదు. ఒక్కసారిగా మానగల ధీరులు అట్లే మానవచ్చును. గొట్టము తాగువారు సమయములను లెక్కించి ఇదే విధముగా తగ్గించుకొనవలెను.

తాగవలెనను తహతహ సాధారణముగా కొద్ది నిమిషములే గట్టిగా ఉండును. ఆ సమయము గడపుటకు:

1. ఒక లవంగము గాని, చిటికెడు వేయించిన జీలకర్ర గాని, వాము గాని నోట వేసికొని మెల్లగా నమలవలెను.

2. అతిమధురము పుల్ల ముక్క చప్పరింపవచ్చును. రక్తపు పోటు గలవారు, గర్భిణులు దీనిని వాడరాదు.

3. ఎండు ఉసిరిక ముక్క, గోరువెచ్చని నీరు, పలుచని మజ్జిగ మేలు చేయును. కాఫీ తగ్గించవలెను, అనేకులకు కాఫీ, బీడీ జంట అలవాట్లు.

4. మానిన తొలి వారములలో మలబద్ధము కలిగిన రాత్రి ఒక చెంచా త్రిఫల చూర్ణము గోరువెచ్చని నీటితో తీసికొనవచ్చును.

5. ఉదయము, సాయంకాలము పది నిమిషములు నెమ్మదిగా దీర్ఘశ్వాస తీసి విడువవలెను.

ఇవి నికోటిన్ వ్యసనమునకు మందులని నేను చెప్పను. చేతికి, నోటికి పని కల్పించు సహాయములు మాత్రమే. చిరాకు, నిద్రలేమి భరింపరానిచో వైద్యుని సలహాతో నికోటిన్ బిళ్లలు వాడుటలో సిగ్గుపడవలసినది లేదు. వాటికి మోతాదు, గడువు ఉన్నవి. కేంద్ర ప్రభుత్వము వారి ఉచిత సలహా ఫోను 1800 11 2356. సిగరెట్టు పెట్టెల మీద కూడ ముద్రింపబడి ఉన్నది. మూడు వారములకు మించిన దగ్గు, కఫములో రక్తము, నోటిలో మానని పుండు ఉన్నచో చిట్కాలతో కాలము గడపక వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. క్షయవ్యాధికి వందేండ్లుగా పేరుపొందిన ఆరోగ్యవరము మన మదనపల్లె చెంతనే ఉన్నది. ఊపిరితిత్తుల విలువ మన సీమవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ తండ్రీకొడుకులు

ఆ దినము నేను తండ్రితో, "మీ ఇద్దరికి ఒకే మందు చీటీ" అంటిని. కుమారుడు గొట్టము మానవలెను, తండ్రి బీడీ మానవలెను. ఒకరి లెక్క ఒకరు అడుగవలెను. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిదప "వాణ్ణి అడిగే మొగం నాకు ఉండాల గదా సామీ" అన్నాడు. ఆ తల్లి ఆ గొట్టమును నా బల్లపైననే విడిచి వెళ్లినది.

సంక్రాంతికి తండ్రి ఒకమారు తప్పినాడు. బంధువుల పెండ్లిలో రెండవమారు. రెండుమార్లు తానే వచ్చి చెప్పినాడు, మరల ఆరంభించినాడు. ఉగాదికి వచ్చినపుడు నలువది రెండు దినములు దాటినవని కేలండరు మీద గీతలు చూపినాడు. మెట్లు ఎక్కునపుడు ఆయాసము తగ్గినదన్నాడు. కుమారుడు తాను మానితినని ఫోనులో చెప్పినాడు. నేను అతని జేబులు వెదకలేదు. అతని తల్లియు వెదకుట మానినదని, వారమునకొకమారు తండ్రియే ఫోను చేసి "ఈ వారం ఎట్లుండాది నాయనా?" అని అడుగుచున్నాడని తెలిసినది.

పాఠక మహాశయులారా! మీ ఇంటిలో ఇట్టి గొట్టము దొరికినచో కేకలు వేయకండి. ఏ దేశపుది, ఏ రుచి, ఏ రకము అని విచారింపకండి. ఎన్నాళ్లుగా, ఏ వేళలో, ఎందుకు అని బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని అడుగండి. అడుగుటకు ముందు మీ జేబులో ఏమున్నదో ఒకమారు చూచుకొనండి.